తపనకు పద్దు రాస్తే

పని మీద మనిషికుండే ఇష్టాన్ని చెప్పడానికి తెలుగులో మాటలకు కరువు లేదు. మక్కువ, ధ్యాస, తపన, పట్టుదల, మమకారం, వ్యామోహం, మొండితనం, పిచ్చి. ఏ మాట వాడామన్నదాన్ని బట్టే ఆ మనిషిని మెచ్చుకుంటున్నామా, జాలిపడుతున్నామా, జాగ్రత్త చెబుతున్నామా అన్నది వినేవాళ్లకు తెలిసిపోతుంది. వ్యాపార ప్రపంచం మాత్రం ఈ మాటలన్నిటినీ ఒకే మూట కట్టి 'ప్యాషన్' అని చీటీ అంటించింది. ఉద్యోగ ప్రకటనల్లో అదే, స్టార్టప్ పోటీల్లో అదే, స్నాతకోత్సవ ప్రసంగాల్లోనూ అదే. అది ఉన్నవాడు గెలుస్తాడు, లేనివాడు నెల జీతగాడు అన్న తీర్పు ఎవరూ వాదించకుండానే ఖాయమైపోయింది.

ఎదురు గొంతులు కొన్నేళ్లుగా పెరుగుతున్నాయి. అమెరికాలో థెరానోస్, వీవర్క్, మన దేశంలో కింగ్‌ఫిషర్ ఎయిర్‌లైన్స్, బైజూస్ కథలు చదివినవాళ్లు 'మితిమీరిన తపనే ముంచింది' అంటున్నారు. యువత వారానికి 70 గంటలు పనిచేయాలని 2023 అక్టోబరులో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి అన్నప్పుడు, 90 గంటలన్న లార్సెన్ అండ్ టూబ్రో అధిపతి మాట 2025 జనవరిలో బయటికొచ్చినప్పుడు ఈ చర్చ ఇళ్లలోకి కూడా వచ్చింది. కానీ వాదించుకునేవాళ్లు ఒకే విషయం గురించి మాట్లాడుతున్నారా అన్నది అనుమానమే. ఒకరు స్థాపకుడి గుండెను చూస్తున్నారు, ఒకరు అతని లెక్కలను, మరొకరు అతని దగ్గర పనిచేసేవాళ్ల నిద్రను. ఎవరు ఏమంటున్నారో, ఏ ఆధారంతో అంటున్నారో విడదీసి చూడడం ఈ సమీక్ష పని.

వ్యసనం నుంచి వరం దాకా

పాలకుడి ఇష్టాలు రాజ్యాన్ని ఏం చేస్తాయన్న ప్రశ్న మనకు కొత్తది కాదు. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో ఎనిమిదో అధికరణం మొత్తం వ్యసనాల గురించే. అక్కడ 'వ్యసనం' అంటే రాజ్యానికి వచ్చిపడే ఆపద, రాజుకు పట్టుకున్న దురలవాటు కూడా. రెంటికీ ఒకే మాట వాడడంలోనే ఆ కాలపు అవగాహన ఉంది. కామం వల్ల పుట్టేవి నాలుగు, కోపం వల్ల పుట్టేవి మూడు. మనం సప్తవ్యసనాలని చెప్పుకునేవి ఇవే. వాటిలో సొమ్మును చెడగొట్టే అర్థదూషణం కూడా ఒకటి. ఇంకో విశేషం ఏమిటంటే కౌటిల్యుడు వేటను గుడ్డిగా తిట్టడు. దానివల్ల శరీరానికి వ్యాయామం ఉంది, జూదంతో పోలిస్తే మేలు అని తూకం వేస్తాడు. ఏ ఇష్టం ఎంతవరకు పనికొస్తుంది, ఎక్కడి నుంచి చేటు అన్న చర్చకు ఇంతకంటే పాత నమూనా దొరకడం కష్టం.

ఐరోపాలో కథ మరో దారిన నడిచింది. ఆల్బర్ట్ హిర్ష్‌మన్ 1977లో రాసిన పుస్తకంలో దీన్ని వివరించాడు. 17, 18 శతాబ్దాల ఆలోచనాపరులు వ్యాపారాన్ని మెచ్చుకున్నది అది ఆవేశాన్ని చల్లారుస్తుందన్న ఆశతోనేనని ఆయన చూపించాడు. కీర్తికోసం యుద్ధాలకు దిగే రాజు కంటే పద్దులు చూసుకునే వర్తకుడు నయం; లాభం మీద కన్నున్నవాడు ఆచితూచి అడుగేస్తాడు. మాంటెస్క్యూ వంటివాళ్లు ఈ నమ్మకాన్ని గట్టిగా చెప్పారు. ఆవేశానికి విరుగుడుగా లోకం ఆహ్వానించిన వ్యాపారమే ఈనాడు ఆవేశాన్ని అర్హతగా అడుగుతోంది. చరిత్ర ఇలాంటి తమాషాలు చేస్తూనే ఉంటుంది.

నాయకత్వం గురించి మాక్స్ వెబర్ 1919 జనవరిలో మ్యూనిక్‌లో విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం ఈ చర్చలో ఇప్పటికీ అందరూ ఆగే మజిలీ. రాజకీయ నాయకుడికి మూడు కావాలన్నాడు: తపన, బాధ్యత, మనుషుల్నీ సంగతుల్నీ కాస్త దూరం నుంచి చూడగల చూపు. మొదటిది లేకపోతే పనే మొదలవదు. మూడోది లేకపోతే మొదటిది ఉత్త ఉద్రేకంగా మిగులుతుంది. తర్వాత వచ్చిన మేనేజ్‌మెంట్ సాహిత్యం ఈ మూడింటిలో మొదటిదాన్ని నెత్తిన పెట్టుకుని మిగతా రెండింటినీ దారిలో ఎక్కడో జారవిడుచుకుంది.

ఆ జారవిడుపు 1980ల్లో మొదలైంది. జపాన్ కంపెనీల పోటీకి తల్లడిల్లుతున్న అమెరికాలో టామ్ పీటర్స్, రాబర్ట్ వాటర్‌మన్ 1982లో రాసిన పుస్తకం లెక్కల మేనేజర్ల మీద తిరుగుబాటు లాంటిది. 1985లో పీటర్స్, నాన్సీ ఆస్టిన్‌తో కలిసి రాసిన తర్వాతి పుస్తకం పేరులోనే 'ప్యాషన్' చేరింది. 2005 జూన్‌లో స్టాన్‌ఫర్డ్ విద్యార్థులకు స్టీవ్ జాబ్స్ చేసిన ప్రసంగంతో అది ఇంటింటి మాట అయింది. చేసే పనిని ప్రేమించాలి, అలాంటిది దొరికేదాకా వెతకాలి అన్నది ఆయన సలహా. 1997లో ఆపిల్‌కు తిరిగొచ్చిన జాబ్స్ మొదట చేసిన పెద్ద పని మాత్రం ఆ కంపెనీ ఉత్పత్తుల్లో చాలావాటిని నిర్దాక్షిణ్యంగా తీసేసి, మిగిలినవాటిని నాలుగు గళ్ల పట్టికలో సర్దడం. తీసేసినవాటిలో ఎన్నో ఎవరో ఒకరు ప్రాణం పెట్టి చేసినవే అయ్యుంటాయి. ఈ సంగతిని స్నాతకోత్సవాల్లో తలుచుకోరు.

వెనకేసుకొచ్చేవాళ్లు

తపనను సమర్థించేవాళ్లందరినీ ఉపన్యాసకుల గాటన కట్టేయడం అన్యాయం. వాళ్ల వాదానికి పునాది ఉంది. కొత్త వ్యాపారం మొదటి రెండు మూడేళ్లు ఏ లెక్కకూ లొంగదు. జీతం రాదు, అప్పు పుట్టదు, చుట్టాలు నవ్వుతారు. చల్లగా లెక్కలేసుకునేవాడు ఆ దశలోనే దుకాణం కట్టేస్తాడు. అందరూ అలా కట్టేస్తే కొత్త మందు రాదు, కొత్త యంత్రం రాదు. మెలిస్సా కార్డన్ బృందం 2009లో ఈ ఆలోచనకు ఒక చట్రం ఇచ్చింది. కనిపెట్టడంలో ఉండే తపన, సంస్థను నిలబెట్టడంలో ఉండే తపన, దాన్ని పెంచడంలో ఉండే తపన వేర్వేరని వాళ్లు విడదీశారు. కనిపెట్టేదాకా ప్రాణం పెట్టి, తర్వాత రోజువారీ నడపడం దగ్గర విసుగెత్తిపోయే స్థాపకుల గురించి విన్న ఎవరికైనా ఈ విభజన ఎంత అవసరమో తెలుస్తుంది.

అతివిశ్వాసాన్ని కూడా వెనకేసుకొచ్చిన పరిశోధన ఉంది. 2012లో హిర్ష్‌లీఫర్, లో, టియో అనే ముగ్గురు ఆర్థికవేత్తలు తమ మీద తమకు అతిగా నమ్మకం ఉన్న అధిపతుల కంపెనీలు పరిశోధనకు ఎక్కువ ఖర్చు పెడతాయని, పేటెంట్లు కూడా ఎక్కువ సాధిస్తాయని చూపించారు. కొత్తదనమే ప్రాణమైన పరిశ్రమల్లో ఇది మరింత స్పష్టం. ఇదే అతివిశ్వాసం ఉన్న అధిపతులు విలువ చెడగొట్టే కంపెనీ కొనుగోళ్లకు ఎక్కువగా దిగుతారని మాల్మెండియర్, టేట్ అంతకుముందే తేల్చారు. ఒకే గుణం ప్రయోగశాలలో లాభం, కొనుగోళ్ల బేరంలో నష్టం.

పెట్టుబడిదారులు తపన చూసి డబ్బు పెడతారన్నది మరో ప్రచారం. దీనిమీద ఆధారాలు ఒక పక్కకు మొగ్గడం లేదు. 2009లో చెన్, యావో, కోఠా చేసిన అధ్యయనంలో వెంచర్ పెట్టుబడి నిర్ణయాల మీద ప్రభావం చూపింది సన్నద్ధత. పైకి కనిపించే ఉత్సాహం ప్రభావం తేలలేదు. సొంత సొమ్ము పెట్టే ఏంజెల్ పెట్టుబడిదారుల మీద జరిగిన తర్వాతి పరిశోధనల్లో ఉత్సాహానికి కొంత విలువ కనబడింది. వేదికెక్కి ఊగిపోవడం నేర్పే శిక్షకులు ఈ రెండో రకం ఫలితాలనే చూపిస్తారని వేరే చెప్పక్కర్లేదు.

మంచులో సైకిల్

'ఎంత తపన?' అన్న ప్రశ్నను 'ఎలాంటి తపన?' అని మార్చినవాడు కెనడాలోని క్యూబెక్ విశ్వవిద్యాలయ మనస్తత్వవేత్త రాబర్ట్ వాలెరాన్. 2003లో ఆయన బృందం తపనను రెండుగా విడదీసింది. మొదటిది జీవితంలో మిగతావాటితో పొందికగా ఇమిడేది. మనిషి దాన్ని చేపడతాడు, అవసరమైతే పక్కన పెడతాడు. రెండోది మనిషినే పట్టేది. పేరు, గుర్తింపు, ఆత్మగౌరవం దాంతో ముడిపడిపోయి, వదిలితే తానే లేనట్టు అనిపించేది. క్యూబెక్ చలికాలంలో రోడ్లు గడ్డకట్టి జారుతున్నా సైకిల్ తొక్కడం ఆపనివాళ్లలో ఈ రెండో రకం తపన ఎక్కువగా ఉందని వాళ్లు గమనించారు. వేసవిలో ఇద్దరు సైకిల్‌వాళ్లను పక్కపక్కన చూస్తే తేడా పట్టుకోలేం. మంచు పడాలి.

ఈ సిద్ధాంతం వచ్చాక వందలాది అధ్యయనాలు దీన్ని ఉద్యోగాలకు, ఆటలకు, కళలకు వర్తింపజేశాయి. మొదటి రకం సంతోషంతో, రెండో రకం అలసటతో, ఇంటి గొడవలతో ముడిపడి కనబడుతూ వచ్చాయి. చిక్కు ఏమిటంటే, వీటిలో ఎక్కువ భాగం మనుషులు తమ గురించి తాము నింపిన ప్రశ్నపత్రాల మీద ఆధారపడ్డాయి. వ్యామోహంలో ఉన్నవాడు తనది వ్యామోహమని ఒప్పుకుంటాడా? పైగా ఒక కంపెనీ ఛైర్మన్ తపన ఏ రకమో మంచు పడేదాకా, అంటే నష్టాలు మొదలయ్యేదాకా, బయటివాళ్లకు తెలియదు. ఛైర్మన్ దగ్గరకు ప్రశ్నపత్రం పట్టుకెళ్లేదెవరు?

లెక్క తప్పే చోటు

మూడో పక్షానికి మనిషి స్వభావంతో పనిలేదు. నిర్ణయం తీసుకునే క్షణంలో తపన లెక్కలను ఎలా వంచుతుందన్నదే వాళ్ల వెతుకులాట. 1988లో కూపర్, వూ, డంకెల్‌బర్గ్ అమెరికాలో దాదాపు 3,000 మంది కొత్త వ్యాపారులను అడిగారు. తమ వ్యాపారం గెలిచే అవకాశం పదికి ఏడు పాళ్లు లేదా అంతకన్నా ఎక్కువని 81 శాతం మంది చెప్పారు. మూడింట ఒక వంతు మంది పదికి పది అన్నారు. తమలాంటి ఇతర వ్యాపారాల గురించి అడిగితే అంత ధీమా లేదు.

బారీ స్టా 1976లో చేసిన ప్రయోగం ఇంకా లోతైనది. ఒక కంపెనీలో ఏ విభాగానికి డబ్బు ఇవ్వాలో బిజినెస్ విద్యార్థులను తేల్చమన్నాడు. తర్వాత ఆ పెట్టుబడి దెబ్బతిన్నట్టు చూపించాడు. మొదటి నిర్ణయం తామే తీసుకున్నవాళ్లు నష్టపోతున్న విభాగానికే మళ్లీ ఎక్కువ డబ్బు కేటాయించారు. పేకాటలో పోగొట్టుకున్నది పేకాటలోనే రాబట్టాలనుకునే బుద్ధికి ఇది ప్రయోగశాల రూపం.

ఈ సిద్ధాంతాలన్నిటినీ గీటురాయి మీద పెట్టడానికి మన దేశంలో టాటా నానో కంటే మంచి కేసు లేదు. ఒక స్కూటర్ మీద కుటుంబమంతా వెళ్లడం చూసి రతన్ టాటాకు వచ్చిన ఆలోచన అది. 2003లో మొదలై, 2008 జనవరిలో ఢిల్లీ ఆటో ఎక్స్‌పోలో బయటికొచ్చింది. ధర లక్ష రూపాయలు. ఇనుము, ఇతర ముడిసరుకుల ధరలు పెరిగినా మాట ఇచ్చాం కాబట్టి ఆ ధరకే మొదటి కార్లు ఇచ్చారు. సింగూరు భూముల ఆందోళనతో 2008 అక్టోబరులో ఫ్యాక్టరీ పశ్చిమ బెంగాల్ నుంచి గుజరాత్‌లోని సనంద్‌కు మారింది. 2009లో 2 లక్షలకు పైగా బుకింగులు వచ్చాయి. సనంద్‌లో ఏటా 2.5 లక్షల కార్లు చేయగల ఫ్యాక్టరీ కట్టారు. కానీ అన్నిటికంటే బాగా అమ్ముడైన 2011-12లో పోయినవి సుమారు 74,500 మాత్రమే. అన్నిటికంటే చవక కారు అన్న ముద్ర పడడం పొరపాటని రతన్ టాటాయే తర్వాత అన్నారు. ఏ గుణాన్ని చూసి ఆయన మురిసిపోయారో, కొనేవాడు దాన్ని చూసే సిగ్గుపడ్డాడు. కారు కొనడమంటే వీధిలో హోదా కొనడం. స్కూటర్ మీద తడుస్తున్న కుటుంబం కష్టం ఆయనకు కనబడింది కానీ దాని అభిమానం కనబడలేదు.

2016 అక్టోబరులో టాటా సన్స్ ఛైర్మన్ పదవి నుంచి తొలగింపుకు గురైన సైరస్ మిస్త్రీ, మర్నాడే డైరెక్టర్లకు రాసిన లేఖలో నానో ప్రస్తావన తెచ్చారు. నష్టాలు ఒక దశలో వెయ్యి కోట్లకు చేరాయని, లాభం వచ్చే దారి లేదని, మూసేయకపోవడానికి కారణం భావోద్వేగాలేనని ఆయన ఆరోపణ. పదవి పోయిన మనిషి రాసిన లేఖ కాబట్టి కాస్త తగ్గించుకునే చదవాలి. టాటా గ్రూపు ఆ లేఖలోని ఆరోపణలను తోసిపుచ్చింది కూడా. అయినా 2018 జూన్ నెల మొత్తానికి తయారైన నానోలు ఎన్నో చూస్తే ఆ వాదంలో బరువు తెలుస్తుంది. ఒకటి.

ఈ వరుసలోకి హైదరాబాద్ సత్యం కంప్యూటర్స్‌ను కూడా కొందరు లాగుతుంటారు. 2009 జనవరి 7న దాని ఛైర్మన్ రామలింగరాజు రాసిన లేఖ ప్రకారం, అసలు లాభానికీ పుస్తకాల్లో చూపినదానికీ మధ్య చిన్న తేడాగా మొదలైనది ఏళ్ల తరబడి పెరిగి, చివరికి లేని నగదు 5,040 కోట్ల రూపాయలకు చేరింది. దిగలేని పులి మీద సవారీ అన్న పోలిక ఆ లేఖలోదే. మొదటి తప్పును కప్పిపుచ్చడానికి రెండోది, దానికోసం మూడోది అన్న తీరు స్టా ప్రయోగాన్ని గుర్తుచేసే మాట నిజం. కానీ దాన్ని తపన ఖాతాలో వేయడం సరికాదనిపిస్తుంది. లెక్కలు మార్చడం మోసం. మోసానికి తపన అని పేరు పెడితే మోసగాడికి సగం క్షమ దొరుకుతుంది. థెరానోస్ విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. 19 ఏళ్ల వయసులో ఆ కంపెనీ పెట్టిన ఎలిజబెత్ హోమ్స్‌ను 2022 జనవరిలో జ్యూరీ దోషిగా తేల్చింది పెట్టుబడిదారులను మోసగించినందుకు. కలలు కన్నందుకు కాదు.

ఆశయం ఉన్నచోట కథ ఇంకా మెలికపడుతుంది. ఎస్‌కేఎస్ మైక్రోఫైనాన్స్ 1990ల చివర మెదక్ జిల్లాలో పేద మహిళలకు అప్పులిచ్చే స్వచ్ఛంద సంస్థగా పుట్టింది. 2010 ఆగస్టు నాటికి షేర్ మార్కెట్‌కెక్కింది. వసూళ్ల ఒత్తిడి గురించి, ఆత్మహత్యల గురించి వార్తలు రావడంతో అదే అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది. రాష్ట్రంలో ఈ రంగమంతటా వసూళ్లు కుప్పకూలాయి. పేదరికాన్ని తొందరగా తుడిచేయాలన్న ఆత్రం, తొందరగా పెరగాలన్న ఆత్రం అక్కడ ఎక్కడ కలిశాయో విడదీయడం ఇప్పటికీ కష్టమే. మంచి పని చేస్తున్నామన్న నమ్మకం ఉన్నవాడు కింది నుంచి వచ్చే ఫిర్యాదును అపనిందగా వినే ప్రమాదం ఎక్కువ.

ప్రేమించేవాడికి కూలి తక్కువ

ఇంతవరకు చెప్పిన పక్షాలన్నీ పైవాడి తపన గురించే. నాలుగో పక్షం కిందివాడి వైపు నుంచి మాట్లాడుతుంది. ఈ చర్చలో ఆలస్యంగా గొంతు విప్పినా, అన్నిటికంటే గట్టి ఆధారాలు దీని దగ్గరే ఉన్నాయని నా అంచనా.

పనిలో కాలిపోవడం అన్న అర్థంలో 'బర్నౌట్' మాటను 1974లో వైద్య సాహిత్యంలోకి తెచ్చినవాడు హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్. న్యూయార్క్‌లో ఉచిత వైద్యశాలలో పనిచేసే వలంటీర్లను చూసి రాశాడు. సోమరులు కాలిపోరు, అంకితభావం ఉన్నవాళ్లే కాలిపోతారన్నది ఆయన గమనింపు. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని రోగంగా కాక వృత్తికి సంబంధించిన స్థితిగా తన జాబితాలో వివరించింది. వారానికి 55 గంటలు, అంతకుమించి పనిచేయడం వల్ల వచ్చిన పక్షవాతం, గుండెజబ్బులతో 2016లో ప్రపంచవ్యాప్తంగా 7,45,000 మంది చనిపోయారని ఆ సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో అంచనా వేశాయి. 70, 90 అంకెలు ఈ 55 పక్కన పెట్టి చదవాల్సినవి.

2009లో బండర్సన్, థామ్సన్ జంతుప్రదర్శనశాలల్లో జంతువులను సాకేవాళ్లను అధ్యయనం చేశారు. చదువుకున్నవాళ్లు, జీతం తక్కువ, పని మురికిది, అయినా అదే తమ జన్మకారణం అనుకునేవాళ్లు. ఆ భావన బలంగా ఉన్నవాళ్లే డబ్బు, సుఖం, సమయం ఎక్కువ వదులుకున్నారు. వాళ్లే యాజమాన్యం తప్పు చేస్తే ఎక్కువగా నిలదీశారు కూడా. ఈ రెండో ముక్కను యజమానులు సౌకర్యంగా మరిచిపోతుంటారు. తపన ఉన్న ఉద్యోగి కావాలని ప్రకటన ఇచ్చేటప్పుడు నోరున్న ఉద్యోగి కావాలని ఎవరూ రాయరు. 2019లో డ్యూక్ విశ్వవిద్యాలయ పరిశోధకులతో కూడిన బృందం మరో నిజం బయటపెట్టింది. పని మీద ఇష్టం ఉందని తెలిసిన ఉద్యోగితో జీతం లేని అదనపు పని చేయించడం, సెలవు రోజున రమ్మనడం, సంబంధం లేని చాకిరీ అప్పగించడం పెద్ద తప్పు కాదని జనం అనుకుంటున్నారు. ఎలాగూ ఇష్టమే కదా!

ఈ తర్కం మనకు పరాయిది కాదు. దానికి మన దగ్గరున్న పేరు సేవ. ఆశా కార్యకర్తలను ప్రభుత్వం వలంటీర్లంటుంది, ఇచ్చేదాన్ని ప్రోత్సాహకం అంటుంది. అంగన్‌వాడీలకు ఇచ్చేది గౌరవ వేతనం. 2023 డిసెంబరు నుంచి 2024 జనవరి దాకా ఆంధ్రప్రదేశ్‌లో అంగన్‌వాడీలు 42 రోజులు సమ్మె చేసినప్పుడు ప్రభుత్వం వాళ్ల మీద అత్యవసర సేవల చట్టం ప్రయోగించింది. జీతం దగ్గర సేవిక, సమ్మె దగ్గర అత్యవసర ఉద్యోగి.

ఒకే కారు, నాలుగు కథలు

పక్షాలను పక్కపక్కన పెట్టడానికి నానో దగ్గరికే మళ్లీ వెళ్లవచ్చు. సమర్థకుడు చెబితే అది సాహసగాథ: ప్రపంచంలో ఎవరూ ఊహించని ధరకు కారు చేసి చూపించారు, ఆ ఇంజినీరింగ్ నేర్పు ఎక్కడికీ పోదు. వాలెరాన్ శిష్యుడు చెబితే అది గుర్తింపు కథ: ఆ కారు ఒక మనిషి పేరుతో ముడిపడిపోయింది, వదులుకోవడమంటే ఆ పేరులో ముక్క తెంచుకోవడం. స్టా మార్గంలో నడిచేవాడికి అది ఖర్చయిపోయిన సొమ్ము కథ. 2012 తర్వాతి ప్రతి బడ్జెట్‌లోనూ అదే ప్రశ్న అడుగుతాడు. నాలుగో పక్షం అసలు ఫ్యాక్టరీలోకే వెళ్లదు. సింగూరులో దాదాపు వెయ్యి ఎకరాలు ఇచ్చుకున్న రైతుల దగ్గర ఆగుతుంది. ఆ సేకరణ చెల్లదని సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది 2016 ఆగస్టులో. అప్పటికి కాంక్రీటు పడిన పొలం మళ్లీ పొలం కావడం అంత తేలిక కాదు.

నాలుగు కథల్లో ఏదీ అబద్ధం కాదు. తేడా ఏమిటంటే ఒక్కొక్కరు ఖర్చును ఒక్కో పద్దులో రాస్తున్నారు. మొదటివాడు స్థాపకుడి కష్టాన్నే ఖర్చుగా చూస్తాడు. రెండోవాడు అతని మనశ్శాంతిని, మూడోవాడు వాటాదారుల సొమ్మును, నాలుగోవాడు బల్ల దగ్గర కుర్చీయే లేనివాళ్లు పోగొట్టుకున్నదాన్ని. ఈ దృష్టితో చూస్తే తపన 'మితిమీరడం' అన్న మాటకు ఒక పట్టు దొరుకుతుంది. నటి సావిత్రి 'ప్రాప్తం' సినిమాను స్వయంగా నిర్మించి, దర్శకత్వం వహించి 1971లో నష్టపోయింది. అది ఆమె సొంత ఆస్తి మీద దెబ్బ. విషాదమే కానీ ఆ సాహసం ఆమె హక్కు. కింగ్‌ఫిషర్ ఒక్క ఏడాది కూడా లాభం చూడకుండా 2012 అక్టోబరులో నేల మీద ఆగిపోయినప్పుడు మిగిలినవి బ్యాంకుల బాకీలు, ఉద్యోగులకు నెలల తరబడి అందని జీతాలు. రెంటినీ ప్యాషన్ అనే ఒక్క మాటతో పిలవడమే ఈ చర్చలో సగం చిక్కు.

తేలని సంగతులు

మొదటిది కారణకార్యాల గొడవ. తపన వల్ల విజయం వస్తుందా, విజయం వల్ల తపన పుడుతుందా? జర్మన్ పరిశోధకుడు మైకేల్ గీల్నిక్ బృందం 2015లో వ్యాపారులను వారం వారం గమనించి, పెట్టిన శ్రమ తర్వాతి వారం తపనను పెంచుతోందని చూపించింది. అంటే ప్రేమించాకే పని మొదలుపెట్టాలన్న సలహా తలకిందులు కావచ్చు. దీనికి తోడు మనం చదివే కథలన్నీ గెలిచినవాళ్లవి. అంతే తపనతో మునిగిపోయినవాళ్ల ఆత్మకథలను ఏ ప్రచురణకర్తా అచ్చువేయడు.

రెండోది సంస్కృతి. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2021లో 59 సమాజాలకు చెందిన 12 లక్షల మంది విద్యార్థుల వివరాలు పరిశీలించారు. వ్యక్తి స్వేచ్ఛకు పెద్దపీట వేసే సమాజాల్లో ఇష్టం, ఆసక్తి చదువులో ఫలితాన్ని గట్టిగా సూచించాయి. కుటుంబం, సమూహం ముందుండే సమాజాల్లో ఆ సంబంధం బలహీనపడింది; అక్కడ తల్లిదండ్రుల అండ కూడా పెద్ద పాత్రే పోషిస్తుందని వాళ్లు గుర్తించారు. ఇంటర్‌లో ఎంపీసీ ఎందుకు తీసుకున్నావని తెలుగు పిల్లల్ని అడిగితే వచ్చే జవాబు తెలిసినవాళ్లకు ఇందులో ఆశ్చర్యం ఉండదు. ప్యాషన్ సాహిత్యం చాలావరకు ఉత్తర అమెరికాలో తయారైంది. నాన్న పూచీకత్తు, మామగారి పెట్టుబడి, ఊరివాళ్ల చిట్టీ డబ్బుతో మొదలయ్యే వ్యాపారానికి అది ఎంతవరకు సరిపోతుందో ఎవరూ గట్టిగా పరీక్షించలేదు. అలాంటి వ్యాపారంలో స్థాపకుడి వ్యామోహానికి బిల్లు కట్టేది బ్యాంకు కంటే ముందు చుట్టరికం.

మూడోది పగ్గం ఎవరి చేతిలో ఉండాలన్నది. నోమ్ వాసర్‌మన్ 2008లో ప్రచురించిన లెక్కల్లో, 212 అమెరికన్ స్టార్టప్‌ల స్థాపకుల్లో మూడేళ్లు తిరిగేసరికి సగం మంది అధిపతి కుర్చీలో లేరు. పెట్టుబడిదారులు తమ సొమ్ముకు పగ్గం కూడా అడుగుతారు కాబట్టి వ్యవస్థ తనను తాను సరిదిద్దుకుంటుందని కొందరు దీన్నే చూపిస్తారు. వీవర్క్ వ్యవహారం ఆ ధీమాను దెబ్బతీసింది. 2019 జనవరిలో 4,700 కోట్ల డాలర్ల విలువ కట్టించుకున్న ఆ కంపెనీలో స్థాపకుడి ఒక్కో ప్రత్యేక షేరుకు 20 ఓట్లు. పబ్లిక్ ఇష్యూ బెడిసికొడుతుండగా సెప్టెంబరులో వాటిని 10కి తగ్గించారు. పగ్గాన్ని పెట్టుబడిదారులే చేజేతులా వదిలేసుకున్నారు. బైజూస్‌లో 2023 జూన్‌లో ఆడిటర్ తప్పుకున్నాడు, పెద్ద పెట్టుబడిదారుల తరఫు డైరెక్టర్లు ముగ్గురూ తప్పుకున్నారు. బ్రేకు పని చేయనప్పుడు బ్రేకే దిగి వెళ్లిపోయిందన్నమాట. అలా తప్పుకోవడం బాధ్యతా, బాధ్యత నుంచి పారిపోవడమా అన్నది కంపెనీ చట్టం చదివినవాళ్లు కూడా ఒక్క మాటగా చెప్పడం లేదు.

పొగరుబోతు అధిపతుల మీద చాటర్జీ, హాంబ్రిక్ 2007లో చేసిన అధ్యయనం ఈ చిక్కుకు మరో ముడి వేసింది. వార్షిక నివేదికలో అధిపతి ఫొటో ఎంత పెద్దదో కూడా కొలిచి, 111 మంది ఆత్మవ్యామోహాన్ని లెక్కగట్టారు. అలాంటివాళ్ల కంపెనీలు సగటున మిగతావాటికంటే మెరుగూ కాదు, నాసీ కాదు. ఎత్తుపల్లాలు మాత్రం ఎక్కువ. సగటును చూసి పాఠం నేర్చుకునే అలవాటున్న శాస్త్రానికి ఇది ఇబ్బందికరమైన జవాబు.

అన్నిటికంటే మొండి చిక్కు మళ్లీ టాటా మోటార్స్‌లోనే ఉంది. నానోకు పదేళ్ల ముందు, 1998 చివర్లో, అదే రతన్ టాటా మరో కారు తెచ్చారు. దేశంలోనే రూపకల్పన చేసిన ఇండికా. లారీల కంపెనీకి కార్లెందుకని పరిశ్రమలో చాలామంది నవ్వారు. మొదటి బండ్ల మీద ఫిర్యాదులు వెల్లువెత్తాయి. 2000-01లో కంపెనీ 500 కోట్ల రూపాయల నష్టం చూపింది. భారత కార్పొరేట్ చరిత్రలో అప్పటికి అంత నష్టం ఎవరూ చూడలేదని పత్రికలు రాశాయి. ఆ రోజు లెక్కలు తెలిసిన ఏ సలహాదారైనా కార్ల విభాగం మూసేయమనేవాడే. ఆయన వినలేదు. 2001లో లోపాలు సరిదిద్ది ఇండికా వీ2 తెచ్చారు, అది విరివిగా అమ్ముడైంది. మనిషి అదే, కంపెనీ అదే, మొండితనం అదే. 2001లో ఇండికాను వదలకపోవడాన్ని ఇప్పుడు దూరదృష్టి అంటున్నాం, తర్వాత నానోను వదలకపోవడాన్ని మమకారం అంటున్నాం. ఫలితం తెలియకముందే, ఆ రెండు బోర్డు సమావేశాల్లో కూర్చున్న డైరెక్టర్ ఈ రెంటినీ వేరుచేసి చూపగల గుర్తు ఏదైనా ఉందా అంటే, నాలుగు పక్షాలవాళ్లూ ఇప్పటిదాకా ఒకరి వైపు ఒకరు చూసుకుంటున్నారు.